సూప్ డబ్బా, సబ్బు పెట్టె, స్క్రీన్ ప్రింట్: ఇంటి సరుకే బొమ్మ ఎందుకయింది?

ప్రశ్న టూకీగా ఇది: "నేను ఫైన్ ఆర్ట్స్ మూడో ఏడాది చదువుతున్నాను. అమెరికన్ ఆర్టిస్టు ఆండీ వార్హోల్ సూప్ డబ్బాల్ని స్క్రీన్ ప్రింట్ చేశాడని క్లాసులో చెప్పారు. ఉన్న లేబుల్‌నే ఫోటో తీసి ప్రింట్ కొడితే అందులో చేసిన పనేముంది? అంత మామూలు సరుకే ఎందుకు తీసుకున్నాడు? నేనూ మా వంటింటి సరుకులతో ఒక సిరీస్ చేద్దామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. సరుకు ప్యాకెట్ పుట్టుకతోనే ఒక ప్రింటు. ఎవరో డిజైనర్ గీసి, రంగులు విడగొట్టి, లక్షల్లో అచ్చేయించిన బొమ్మ అది. అచ్చులో పుట్టినదాన్ని, సరుకుల్నీ ప్రకటనల్నీ బొమ్మలుగా చేసిన వార్హోల్ లాంటి పాప్ ఆర్టిస్టులు మళ్ళీ అచ్చులోకే తెచ్చారు. స్క్రీన్ ప్రింటింగ్‌కీ (ఫ్రేముకి బిగించిన సన్నటి వల బట్టలోంచి రంగుని కాగితం మీదకి తోసి అచ్చేసే పద్ధతి) సరుకుకీ అంత బాగా కుదిరింది అందుకే. ఇక చేసిన పని ఎక్కడుందంటే, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఎంత సైజు, ఎన్నిసార్లు అన్న నాలుగు నిర్ణయాల్లో ఉంది. మీ సిరీస్ కూడా అక్కడే నిలబడుతుంది, లేదా పడిపోతుంది.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖలు కొట్టడంతో మొదలుపెట్టాను. తర్వాత అగరబత్తి పెట్టెలు, పచ్చడి సీసాల లేబుళ్ళు, స్టిక్కర్లు చేశాను. ఇప్పుడు ఎక్కువగా ఆర్టిస్టులకి ఎడిషన్లు, అంటే ఒకే బొమ్మకి లెక్కపెట్టి తీసే ప్రింట్లు, తీసిపెడుతున్నాను. సరుకు మీది ప్రింటు, గోడ మీది ప్రింటు రెండూ నా చేతి మీదుగా వెళ్ళినవే కాబట్టి ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

మీ క్లాసులో చెప్పినదానికి ఒక సవరణ. అందరికీ తెలిసిన ఆ మొదటి సూప్ డబ్బాలు స్క్రీన్ ప్రింట్లు కావు. 1962 జూలైలో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో పెట్టిన 32 కాన్వాసులూ చేత్తో వేసినవే. క్యాంబెల్ కంపెనీ అప్పట్లో అమ్ముతున్న ఒక్కో రకం సూపుకి ఒక్కో కాన్వాసు, 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. లేబుల్ అడుగున వరసగా ఉండే చిన్న లిల్లీ పువ్వు గుర్తులకి మాత్రం ముద్ర ఒకటి చేసుకుని గుద్దాడు. గ్యాలరీలో గోడకి సన్నటి చెక్క అంచు బిగించి, కొట్టులో అర మీద డబ్బాలు పేర్చినట్టు కాన్వాసుల్ని దాని మీద నిలబెట్టారు. ఒక్కోటి 100 డాలర్లు. అమ్ముడుపోయినవి కొన్నే. సెట్టు విడిపోకూడదని గ్యాలరీ నడిపే ఇర్వింగ్ బ్లమ్‌కి గట్టిగా అనిపించి, అమ్మినవాటిని కూడా వెనక్కి తీసుకుని, మొత్తం 32కీ కలిపి 1000 డాలర్లు వాయిదాల్లో వార్హోల్‌కి కట్టాడు. 1996లో ఆ సెట్టు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి చేరింది.

ఆ కాన్వాసుల్లో ఒక చోటు మీరు జూమ్ చేసి చూడాలి. అసలు డబ్బా లేబుల్ నడిమధ్యన ఒక పతకం బొమ్మ ఉంటుంది, 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఆ కంపెనీకి వచ్చిన బంగారు పతకం. అసలు లేబుల్‌లో దాని నిండా బొమ్మలూ అక్షరాలూ కిక్కిరిసి ఉంటాయి. వార్హోల్ ఆ చోట ఉత్త బంగారు రంగు బిళ్ళ ఒకటి పెట్టి వదిలేశాడు. గీత లేదు, అక్షరం లేదు. అయినా పది అడుగుల దూరం నుంచి చూస్తే అది క్యాంబెల్ డబ్బాయే, ఎవరికీ అనుమానం రాదు. దేన్ని తీసేసినా గుర్తు చెడదో అతనికి బాగా తెలుసు. ఇంకా స్క్రీన్ ముట్టుకోకముందే ప్రింటర్‌లా ఆలోచిస్తున్నాడన్నమాట.

ఆ తెలివి ఊరికే రాలేదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్‌లో 1949లో చదువు పూర్తిచేసి న్యూయార్క్ వెళ్ళాక, పదేళ్ళకి పైగా అతని బతుకుతెరువు ప్రకటనల బొమ్మలే. చెప్పుల కంపెనీకి వేసిన బొమ్మలతో ఆ రంగంలో మంచి పేరు తెచ్చుకున్నాడు. సరుకుని కొనేవాళ్ళ కంట్లో పడేలా నిలబెట్టడం అతని వృత్తి. "మామూలు సరుకే ఎందుకు" అన్న మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. రెండో సగం ఇంకా సులువు: ఆ సూపు అతని తిండి. ఇరవై ఏళ్ళు రోజూ మధ్యాహ్నం అదే తీసుకున్నానని 1963లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. దూరంగా నిలబడి వెక్కిరించడానికి ఎంచుకున్న వస్తువని నేను అనుకోను. మీరూ అలాగే, ఇంట్లో రోజూ చేత్తో పట్టుకునే ప్యాకెట్‌నే తీసుకోండి. వింతగా ఉందని సూపర్ మార్కెట్‌లో కొత్తగా కొన్నది వద్దు.

స్క్రీన్ దగ్గరికి వార్హోల్ వచ్చింది అదే 1962లో, కొంచెం తర్వాత. మొదట డాలర్ నోట్లు, చేత్తో గీసిన డ్రాయింగ్ నుంచి స్క్రీన్ చేయించి కొట్టినవి. ఆ వెంటనే ఫోటో స్క్రీన్, అంటే ఫోటోనే స్క్రీన్ మీదకి ఎక్కించి కొట్టడం. ఆగస్టులో సినిమా నటి మర్లిన్ మన్రో చనిపోయాక చేసిన ముఖాలు ఆ పద్ధతిలోవే. అదే ఏడాది కోకాకోలా సీసాలు వరసలు వరసలుగా వచ్చాయి. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఉన్న పచ్చ సీసాల కాన్వాసు చూస్తే, పచ్చ రంగు వరసల మీద నల్ల గీతలు చెక్కిన అచ్చుతో ఒక్కొక్కటిగా గుద్దినట్టు తెలుస్తుంది. ఒక సీసా గాఢంగా, పక్కది పలచగా, ఒకటి కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ముద్ర నుంచి స్క్రీన్‌కి చేయి మారుతున్న ఏడాది అది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే మన కాలేజీల్లో దీన్ని దాటేస్తారు. అమెరికాలో స్క్రీన్ ప్రింటింగ్ అంటే దుకాణాల బోర్డులూ పోస్టర్లూ కొట్టే పని. 1930ల్లో కొందరు ఆర్టిస్టులు దాన్ని బొమ్మలకి వాడుతూ, వ్యాపారపు వాసన తగలకుండా "సెరిగ్రాఫ్" అనే కొత్త పేరు పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చిన పాప్ ఆర్టిస్టులు దీన్ని తిరగేశారు. వాళ్ళకి కావలసిందే ఆ వ్యాపారపు వాసన. వార్హోల్ ఫోటోల్ని ఊళ్ళో ఉన్న మామూలు కమర్షియల్ స్క్రీన్ మేకర్లకి పంపి స్క్రీన్లు చేయించుకునేవాడు. 1963లో సహాయకుడిగా చేరిన జెరార్డ్ మలాంగాకి బట్ట మీద స్క్రీన్ కొట్టే పని అప్పటికే చేతిలో ఉంది. గ్యాలరీ గోడకెక్కిన పని వెనుక మనలాంటి దుకాణాల నైపుణ్యం ఉంది. శుభలేఖలు కొట్టేవాళ్ళని చిన్నచూపు చూసే విద్యార్థులు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఈ సంగతి చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం. సరుకులో మీరు ఏ ముక్క తీసుకుంటున్నారు? వస్తువునా, లేబుల్‌నా, అక్షరాన్నా? నేను చూసిన బలహీనమైన సిరీస్‌లన్నీ ఈ ప్రశ్న వేసుకోకుండా మొదలైనవే.

వార్హోల్ సూప్ డబ్బాలో వస్తువు ఉంది, కానీ కనీస మాత్రంగా. పైన మూత అండాకారం, అడుగున ఒక వంపు, అంతే. మిగతాదంతా చదునైన రంగు.

1964లో న్యూయార్క్ స్టేబుల్ గ్యాలరీలో పెట్టిన బ్రిల్లో (గిన్నెలు తోమే సబ్బు పీచు) పెట్టెల్లో దారి వేరు. అక్కడ పెట్టె పెట్టెగానే వచ్చేసింది. ప్లైవుడ్‌తో అసలు అట్టపెట్టెంత సైజులో పెట్టెలు చేయించి, తెల్ల రంగు వేసి, పక్కలకి స్క్రీన్‌తో ఎరుపు, నీలం కొట్టారు. కెచప్, కార్న్ ఫ్లేక్స్, పీచ్ పళ్ళ పెట్టెలు కూడా కలిపి గోదాములో సరుకు దించినట్టు పేర్చారు. ఆ ప్రదర్శన చూసిన ఆర్థర్ డాంటో అనే తత్వశాస్త్ర ఆచార్యుడు, కొట్టులో ఉన్న పెట్టె కళ కానప్పుడు అచ్చం అలాగే ఉన్న ఈ పెట్టె ఎలా కళ అయిందని అదే ఏడాది వ్యాసం రాశాడు. మీరడిగింది దాదాపు అదే ప్రశ్న. నాకు మనసులో మెదిలేది ఇంకో మనిషి. అసలు బ్రిల్లో పెట్టె డిజైన్ చేసినాయన పేరు జేమ్స్ హార్వే. ఆయనా చిత్రకారుడే, అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులు వేసేవాడు, పొట్ట కోసం ప్యాకెట్లు డిజైన్ చేసేవాడు. ఆ ఎరుపు అల ఆయన చేతిది. పాప్ ఆర్ట్ గురించి చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

మూడో దారి కొరీటా కెంట్‌ది. లాస్ ఏంజెలెస్‌లోని ఇమాక్యులేట్ హార్ట్ కాలేజీలో ఆర్టు చెప్పిన క్రైస్తవ సన్యాసిని ఆవిడ. పాప్ ఆర్ట్ అనగానే వార్హోల్ దగ్గర ఆగిపోకుండా ఆవిడ ప్రింట్లు తప్పక చూడండి. వండర్ బ్రెడ్ అని ఒక కంపెనీ రొట్టె ఉంది, దాని కవర్ మీద ఎరుపు, పసుపు, నీలం చుక్కలుంటాయి. 1962లో ఆవిడ ఆ రొట్టె పేరుతోనే ఒక ప్రింట్ చేసింది. అందులో రొట్టె లేదు, కవరు లేదు, రంగు చుక్కలే ఉన్నాయి. రొట్టె ఆవిడకి పొద్దుటి టిఫినూ, చర్చిలో ప్రసాదమూ కూడా. రెండూ ఆ చుక్కల్లోనే చెప్పింది. తర్వాత అక్షరాల మీద పడింది. ప్రకటనలోంచి, ప్యాకెట్ మీంచి ఒక మాట తీసుకుని, కాగితాన్ని నలిపి, వంచి ఫోటో తీసి, ఆ వంకర అక్షరాల్ని స్టెన్సిల్‌గా కోసి కొట్టేది. 1964లో టమాటా ప్రకటన మాటని మేరీమాతకి అన్వయించి చేసిన ప్రింట్ చాలామందిని ఇబ్బంది పెట్టింది. సరుకు భాషని ఇంత ప్రేమగా వాడినవాళ్ళు ఆ కాలంలో నాకు ఇంకొకరు కనబడలేదు.

చూడండి, ముగ్గురూ... కాదు, ఇద్దరు మనుషులే, కానీ మూడు దారులు. వస్తువు ముఖం, మొత్తం పెట్టె, ఉత్త అక్షరం. మీరు ఏ దారో ముందు తేల్చుకోండి.

ఇక పని. మీ ప్యాకెట్‌ని ముందు విప్పండి. అట్టపెట్టె అయితే జిగురు అంటించిన అంచు మెల్లగా ఊడదీసి, బల్ల మీద చదునుగా పరవండి. అడుగు మడత లోపల చాలా పెట్టెల మీద చిన్న చిన్న రంగు చుక్కలో గళ్ళో వరసగా కనబడతాయి. ఆ పెట్టె అచ్చేసినవాళ్ళు వాడిన ఇంకులు అవి, ఒక్కో చుక్క ఒక్కో ఇంకు. కొన్నిటి మీద గురిపెట్టినట్టు ప్లస్ గుర్తు ఉంటుంది, అది రిజిస్ట్రేషన్ మార్కు, రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా చూసుకునే గుర్తు. కొన్నవాళ్ళు చూడకూడని చోట ప్రింటర్ రాసుకున్న లెక్క అది. పోయినేడు ఒక వర్క్‌షాపులో ఒకమ్మాయి సబ్బు పెట్టె తెచ్చింది. నాలుగు రంగులని రాసుకొచ్చింది. మడత విప్పితే ఆరు చుక్కలు కనబడ్డాయి. ఆమె కంటికి ఒకటే ఎరుపుగా కనబడింది అక్కడ రెండు ఎరుపులు. ఆ అమ్మాయి బొమ్మని పక్కన పెట్టేసి, ఆ ఆరు చుక్కల్నే రెండడుగుల సైజులో కొడతానంది. ఆ బ్యాచ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రింట్ అదే.

ప్లాస్టిక్ కవర్లయితే ఫోటోలో మెరుపు ఇబ్బంది పెడుతుంది. ఫ్లాష్ వద్దు. కత్తిరించి చదును చేసి, కిటికీ పక్కన నీడ వెలుతురులో తీయండి. కానీ ఆ మెరుపూ ముడతలే మీ బొమ్మ అనుకుంటే చదును చేయొద్దు, హాఫ్‌టోన్‌కి, అంటే వెలుగునీడల్ని చిన్నా పెద్దా చుక్కలుగా మార్చే పద్ధతికి, వెళ్ళండి. మొదటిసారి చేసేవాళ్ళకి నా సలహా: హాఫ్‌టోన్ వద్దు, మూడు చదునైన రంగులతో మొదలుపెట్టండి. హాఫ్‌టోన్ తప్పదంటే ఒక లెక్క గుర్తుంచుకోండి: అంగుళానికి మెష్ (స్క్రీన్‌లోని వల బట్ట) దారాల సంఖ్య, అంగుళానికి హాఫ్‌టోన్ లైన్ల (చుక్కల వరసల) సంఖ్యకి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి. సుమారు 300 మెష్ మీద 45 లైన్లు హాయిగా నిలుస్తాయి. మరీ సన్నం చేస్తే చుక్కలు ఎమల్షన్‌లో (స్క్రీన్‌కి పూసే, వెలుతురు తగిలితే గట్టిపడే పూత) నిలబడవు, కడిగేటప్పుడు కొట్టుకుపోతాయి.

రంగులు లేత నుంచి ముదురుకి వెళ్ళండి, నలుపు చివర. స్క్రీన్‌కీ కాగితానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, లేదంటే కాగితం మెష్‌కి అతుక్కుని అంచులు పాకిపోతాయి. మా దుకాణంలో ఫ్రేము మూలల కింద రూపాయి బిళ్ళలు అంటించి సరిచూసుకునేవాళ్ళం.

నాకు బాగా దెబ్బ తగిలింది రంగు అతుకుల దగ్గర. సొంతంగా చేసుకున్న అగరబత్తి పెట్టెల సిరీస్ అది, పసుపు నేల మీద ఎర్ర అక్షరాలు. రెండు రంగులూ అంచుకి అంచు సరిగ్గా ఆనేలా పాజిటివ్‌లు (స్క్రీన్ చేయడానికి ఒక్కో రంగుకీ తీసే ఫిల్ములు) తీశాను, ఒకదాని మీదకి ఒకటి అర మిల్లీమీటరు కూడా ఎక్కించలేదు. పసుపు కొట్టి ఆరబెట్టాను. రాత్రంతా వాన. పొద్దున ఎరుపు కొడితే ప్రతి అక్షరం చుట్టూ ఒక వైపు వెంట్రుకంత తెల్ల గీత. కాగితం తేమ పీల్చుకుని సాగింది. అరవై షీట్లు పోయాయి. అప్పటి నుంచి లేత రంగుని ముదురు రంగు కిందకి అర మిల్లీమీటరైనా తోస్తాను. కాగితాన్ని ప్రింట్ చేసే గదిలోనే ఒక రోజు ముందుగా పరిచి ఉంచుతాను. మీరు జూలై, ఆగస్టుల్లో పని చేస్తున్నట్టయితే దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు.

మరి వార్హోల్ ప్రింట్లలో రంగు పక్కకి జరిగినా బాగుంటుంది కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, ముఖాల ప్రింట్లలో ఆ జరుగుడు ఉంది, ఇంకు చిక్కబడినచోట ముఖం మూసుకుపోతుంది, పలచబడినచోట మాసిపోతుంది. అలా వచ్చినవాటిని అతను పారేయలేదు. కానీ సరుకుల దగ్గర అతని పని వేరు. 1968లో సూప్ డబ్బాల్ని మొదటిసారి కాగితం మీద పోర్ట్‌ఫోలియోగా స్క్రీన్ ప్రింట్ చేయించాడు. 10 ప్రింట్లు, ఒక్కోటి 35 అంగుళాల ఎత్తు, 250 సెట్లు. టమాటా, ఉల్లి, చికెన్ నూడుల్, పచ్చ బఠాణీ వగైరా. మీ క్లాసులో చూపించింది బహుశా వీటినే. 1969లో ఇంకో పది వచ్చాయి. వాటిలో అంచులు బ్లేడుతో కోసినట్టుంటాయి, ఎరుపు ఎక్కడా వణకదు. లేబుల్ శుభ్రంగా ఉంది కాబట్టి ప్రింటూ శుభ్రంగా ఉంది. కావాలని రంగు జరిపి "పాప్" అనిపించుకోవడం మానేయండి. చూసేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. జరిగితే జరగనివ్వండి, దాన్ని ఉంచాలా వద్దా అన్నది షీట్లన్నీ గోడకి పెట్టి చూశాక తేల్చుకోండి.

ఒకటే బొమ్మ ఎన్నిసార్లు అన్నది కూడా అంతే. ఇరవై ఉంటే గొప్పగా ఉంటుందని ఇరవై కొట్టొద్దు. 1962లో 32 ఎందుకంటే కంపెనీకి 32 రకాలున్నాయి. అంకె సరుకులోంచే వచ్చింది. మీ ఇంట్లో నెలకి ఎన్ని టీ పొడి ప్యాకెట్లు ఖాళీ అవుతాయో ఆ అంకె తీసుకోండి, దానికి అర్థం ఉంటుంది.

కంపెనీ పేరు వాడొచ్చా అన్నది మీరు అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్న. క్యాంబెల్ వాళ్ళు వార్హోల్ మీద కేసు వేయలేదు. 1964లో ఆ కంపెనీ మార్కెటింగ్ మేనేజర్ ఒకాయన మెచ్చుకుంటూ ఉత్తరం రాసి, రెండు పెట్టెల టమాటా సూపు పంపుతున్నానన్నాడు. ఇంకొకరి ఫోటో వాడినప్పుడు మాత్రం చిక్కులొచ్చాయి. పత్రికలో వచ్చిన పూల ఫోటో నుంచి 1964లో చేసిన ప్రింట్ల మీద ఆ ఫోటోగ్రాఫర్ కోర్టుకెళ్తే రాజీ చేసుకోవాల్సి వచ్చింది. 2023లో అమెరికా సుప్రీం కోర్టు ఇంకో ఫోటో కేసులో వార్హోల్ ఫౌండేషన్‌కి వ్యతిరేకంగా తీర్పిస్తూ, సూప్ డబ్బాల్ని వేరుగా చూసింది: లేబుల్ పని సూపు అమ్మడం, ఆ కాన్వాసుల పని అది కాదు అని. అది వాళ్ళ చట్టం. మన దగ్గర లేబుల్ బొమ్మకి 1957 కాపీరైట్ చట్టం, పేరుకీ గుర్తుకీ 1999 ట్రేడ్ మార్కుల చట్టం వర్తిస్తాయి. కాలేజీ పనికీ, ప్రదర్శనలో పెట్టే చిన్న ఎడిషన్‌కీ నేను పెద్దగా భయపడను. అదే బొమ్మని టీ షర్టుల మీదా, కప్పుల మీదా కొట్టి అమ్మాలనుకుంటే మాత్రం ముందు లాయర్‌ని కలవండి. ఏదైనా సరే, ఫోటో మీరే తీయండి. ఇంటర్నెట్‌లోంచి వద్దు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. మీ వంటింట్లోంచి ఒక అట్టపెట్టె తెచ్చి, విప్పి, ముందు వైపూ అడుగు మడతా రెండూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఎన్ని స్క్రీన్లు అవుతాయో, వాటిలో దేన్ని వదిలేసినా పెట్టె పెట్టెలాగే కనబడుతుందో చూసి చెప్తాను.